పిస్తోలు మీద పోసిన ప్రార్థన నూనె

నా పేరు గెడ్డం శాంతరాజు. తండ్రి పేరు దానియేలు. వయసు నలభై ఏడు. సొంత ఊరు కోనసీమలో రాజోలు దగ్గర. షార్జా రోలాలో ఐదుగురితో కలిసి ఒక గదిలో ఉంటున్నాను. ఇండస్ట్రియల్ ఏరియా అవతల ఉన్న షూటింగ్ క్లబ్బులో క్లీనర్‌ని. శుక్రవారాల్లో వాక్యం చెబుతాను. బైబిల్ కాలేజీ మెట్లెక్కలేదు, చదివింది మోకాళ్ళ మీదే. ఈ రోజు, 2024 జనవరి 18, గురువారం, నన్ను ఎవరూ పిలిపించలేదు. నేనే స్టేషనుకు వచ్చాను. నేను తెలుగులో చెబుతుంటే అనువాదకురాలు కృష్ణవేణి గారు ఆఫీసర్ గారికి అరబీలో చెబుతున్నారు. నిలబడి చెబుతానన్నాను. కూర్చోమన్నారు.

మా క్లబ్బుకు కొత్త సెమీ ఆటోమేటిక్ పిస్తోలు వచ్చింది. కొత్తది బిగుతుగా ఉంటుంది, సభ్యుల చేతికి ఇచ్చే ముందు రెండు వందల తూటాలు కాల్చి దాన్ని దారికి తేవాలి. ఈ సంగతి ఐజక్ చెప్పాడు. ఐజక్ ఆయుధాల గదిలో పనిచేస్తాడు, మా కూడికకు వచ్చే విశ్వాసి, నాకు తమ్ముడితో సమానం. ఇన్నాళ్ళూ పిస్తోళ్ళు తుడవడమే అతని పని. ఈసారి కాల్చే పని ముదీర్, అంటే మా మేనేజరు, అతనికే ఇచ్చాడు. సవ్యంగా చేస్తే శిక్షకుడిగా తీసుకుంటానన్నాడు.

సోమవారం సాయంత్రం క్లబ్బు మూసేవేళ ఐజక్ నన్ను పిలిచాడు. “అన్నయ్యా, రేపు నా చెయ్యి వణక్కుండా ప్రార్థన చెయ్యండి. పిస్తోలు పెట్టె మీద చెయ్యి పెడితే చాలు. నూనె మాత్రం వద్దు, దానికి వేరే నూనె వేసేశాను” అన్నాడు.

కత్తులు సాగగొట్టి నాగటి నక్కులు చేసుకుంటారన్న లేఖనం మీద అంతకు ముందు శుక్రవారమే గొంతు చించుకున్నవాణ్ణి. అది గుర్తొచ్చింది. అయినా ఊళ్ళో బోటు ఇంజన్లకూ ఆటోలకూ కుట్టుమిషన్లకూ నూనె పోసి ప్రార్థించాను. ఏదీ ఆగలేదు. పెట్టె మీద చెయ్యి పెట్టి ఊరుకోవడం నాకు సగం ప్రార్థనలా తోచింది. కాపరి పిల్లవాణ్ణి రాజుగా అభిషేకించిన ప్రవక్త కొమ్ములో తైలం దాచుకున్నాడా? ఇక్కడ ఆఫీసర్ గారు వాక్యం ఆపి జరిగింది చెప్పమన్నారు.

పెట్టె తెరిచి ఉంది, అందులో పిస్తోలు పైభాగం వెనక్కి లాగి ఉంది. ఐజక్ కళ్ళు మూసుకున్నాడు. నేను కళ్ళు తెరిచే ప్రార్థిస్తాను. జేబులోంచి ప్రార్థన నూనె సీసా తీసి ఆ తెరిచిన చోట, వెనక కనబడే చిన్న రంధ్రంలో పోశాను. పైన అంటింది నా చొక్కా అంచుతో తుడిచాను. ఐజక్ ఆమేన్ అన్నాడు, పెట్టె మూసి తాళం వేశాడు. అతను చూడలేదు.

ఒలీవ నూనె క్రిస్మస్‌కే అయిపోయింది. సీసాలో ఉన్నది ఊరి నుంచి మా అక్క పేరమ్మ పంపిన కొబ్బరినూనె. ఐజక్‌కు వాసన రాలేదా అని అడిగారు. మా ఇద్దరి తలలకూ రాసుకునేది అదే నూనె. ఎవరికి వాసన తెలుస్తుంది?

ఆయుధాల గదిలో ఏసీ రాత్రంతా నడుస్తుంది. అక్కడ తుడిచేటప్పుడు నా వేళ్ళు కొంకర్లు పోతాయి. చలికి కొబ్బరినూనె పేరుకుంటుందని మా కోనసీమలో చంటిపిల్లకైనా తెలుసు. నాకూ తెలుసు. పోసేటప్పుడు తోచలేదు.

మంగళవారం ఉదయం పదిగంటలకు ఐజక్ మొదటి తూటా ఎక్కించి నొక్కాడు. టిక్కుమంది, పేలలేదు. నేను వెనక తుడుస్తున్నాను. ఐజక్ పిస్తోలును గురివైపే పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. పక్కన పెద్ద శిక్షకుడు చరణ్‌తేజ్ ఉన్నాడు, హైదరాబాదు మనిషి. “ఏందిర భై, పిస్తోలా పిచ్కారీనా? ఇటియ్యి” అన్నాడు.

“ఆగండి సార్. ఆలస్యంగా పేలొచ్చు, ఇంకాసేపు అటే పట్టుకుని ఉండాలి” అన్నాడు ఐజక్.

చరణ్‌తేజ్ లాక్కున్నాడు. వేరే తూటాల డబ్బా తెమ్మని చెప్పడానికి కౌంటరువైపు తిరిగాడు. తిరుగుతూనే పైభాగం వెనక్కి లాగి వదిలాడు, పేలని తూటా బయటపడి రెండోది ఎక్కింది. పేలింది. ఆయన వేలు ట్రిగ్గర్ మీద లేదు. ఆయనంటే నాకు గిట్టకపోయినా అది నిజం. తూటా చెక్క అడ్డం దాటి కౌంటరులో ఉన్న హయాత్ బాషా తొడలో దిగింది. కడప మనిషి, రోజూ నాకు టీ ఇచ్చేవాడు. కిందపడి, కప్పు పగిలిందా అని అడిగాడు. ఆస్పత్రిలో ఉన్నాడు. ఎముకకు తగల్లేదన్నారు.

పేరుకున్న నూనె తూటాను కొట్టే లోపలి పుల్లను ముందుకు పట్టి ఉంచింది, పైభాగం మూసుకోగానే తూటా పేలింది, ఆ నూనె కొబ్బరినూనె అని మీ ఆయుధ నిపుణుడు తేల్చారు. ఐజక్ కావాలనే చేశాడని చరణ్‌తేజ్ ఫిర్యాదు. ఎవరు పోశారని అడిగితే ఐజక్ నోరు విప్పలేదు. అందుకే లోపల ఉన్నాడు.

నేను మంగళవారం చెప్పలేదు. బుధవారం చెప్పలేదు. సీసా సింకులో ఒంపి సబ్బుతో కడిగాను. జిడ్డు పోలేదు. ఇదిగో, బల్ల మీద పెడుతున్నాను.

నిన్న సాయంత్రం ఐజక్ భార్య రేచెల్ మా బిల్డింగు కిందికి వచ్చింది. ఆమె నర్సు, డ్యూటీ బట్టల్లోనే ఉంది. “ఆ నూనె ఎవరిదో ఆయనకి తెలుసు, నాకూ తెలుసు అన్నయ్యా. చెప్పవయ్యా అంటే, దైవజనుడి మీద నోరెత్తితే పిల్లలకి కీడు అంటున్నాడు” అంది.

ప్రార్థన చేస్తానన్నాను.

“ప్రార్థన వద్దన్నయ్యా. స్టేషనుకు బస్సెక్కండి” అంది.

కీడు వస్తుందన్న ఆ మాట ఐజక్‌కు నేర్పింది నేను. ఒకసారి కూడికలో ఒకాయన నా బోధలో తప్పు పట్టాడు. తర్వాతి శుక్రవారం, అభిషిక్తుణ్ణి ముట్టకూడదు, దైవజనుడి మీద నోరెత్తిన ఇంటికి చీడ పడుతుందని రెండు గంటలు చెప్పాను. జనం ఏడ్చారు. నేను సంతోషించాను. తుఫానులో జనం సరుకులు సముద్రంలో పారేస్తుంటే, తుఫానుకు కారణమైన ప్రవక్త ఓడ అడుగున నిద్రపోయాడని లేఖనం. నేను నిద్రైనా పోలేదు, గదిలో అటూ ఇటూ తిరిగాను.

పనిచోట ప్రార్థన పెట్టకూడదన్నది క్లబ్బు నియమం. వీసా పోవచ్చని కృష్ణవేణి గారు మెల్లగా చెప్పారు. తెలుసన్నాను.

అభిషిక్తుణ్ణి ముట్టకూడదన్న ఆ బోధ నన్ను నేను కాచుకోవడానికి చెప్పినది. దేవుని పేరు తగిలించాను, అంతే. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఒక్క మాట ఐజక్‌కు చదివి వినిపించమని కోరాను: తమ్ముడూ, నా పేరు చెప్పు. నీ పిల్లలకు ఏ కీడూ రాదు. నేను అబద్ధం బోధించాను.

ఇది కేసుకు సంబంధం లేదని ఆఫీసర్ గారు అన్నారు. రాయమని మళ్ళీ అడిగాను. రాశారు.

పైన ఉన్నదంతా నేను నా నోటితో చెప్పినదే. ఎవరి బెదిరింపూ లేదు, ఎవరి ప్రలోభమూ లేదు. తెలుగులో చదివి వినిపించగా విని, సరేనని సంతకం చేస్తున్నాను.

(సంతకం) గెడ్డం శాంతరాజు