కరీం తాత మల్లెను ఎండబెట్టిన ఏడు

"అమ్మమ్మా, మాలి మన మల్లెచెట్టు చంపేసిండు. ఆకులన్నీ దూసేసిండు, నెల రోజుల సంది చుక్క నీళ్లు పోస్తలేడు. అడిగితె నవ్వుతుండు. రేపటి సంది రావొద్దని పొద్దుగాల్నే చెప్పేసిన."

ఏందీ? చెప్పేసినవా? జెర ఆగు బిడ్డా, ఇట్ల కూసో. ఆ ఫోన్ల ఏదో ఎర్రగ వెలుగుతుంది, నా మాటలు పడుతున్నవా ఏంది? పట్టు, పట్టు. నేను అందరి మీద అనుమానపడే ముసలిదాన్నని మీ అమ్మ చెప్పే ఉంటది. పాలోడు పాలల్ల నీళ్లు కలుపుతుండని నేనంటె అందరు నవ్వుతరు. కలుపుతడు, నాకు తెల్సు. సరె, ఆ ముచ్చట గాదు గని. నా అనుమానాలు షురూ అయిందే ఒక మల్లెచెట్టు కాడ. నీకెన్నడు చెప్పలె, మీ అమ్మకు సుత చెప్పలె.

పోలీస్ యాక్షన్ అయిన ఏడది. నాకు పదేండ్లు... పది గాదు, పదకొండు. మా నాయన మిషన్ బడిల టీచరు. గుంటూరు దిక్కుకెల్లి వచ్చినోళ్లం గని నేను ఈడనే పెరిగిన, అందుకే నా మాట గిట్లుంటది. మా అమ్మ మాట మాత్రం చచ్చేదాక ఆ దిక్కుదే. యాక్షన్ అయినంక మారేడ్‌పల్లిల ఒక ఇల్లు ఖాళీ అయింది. నిజాం కొలువుల పెద్ద నౌకరీ చేసినాయనది. వాళ్లు పట్నంల చుట్టాల దగ్గరికి పోయిన్రు, ఇల్లు మాకు కిరాయికిచ్చిన్రు. ఇంటితోని తోట, తోటతోని కరీం తాత. ముప్పై ఏండ్ల సంది ఆయనే చూస్తుండు, ఉంచుకోండని చెప్పి పోయిన్రు. జీతం ఎనిమిది రూపాయలు, హాలీ సిక్క. అప్పుడు సికింద్రాబాద్‌ల రెండు తీర్ల రూపాయలు నడుస్తుండె, నిజాముది హాలీ, అంగ్రేజోళ్లది కల్దార్. తోటకూర అమ్మేటామె సుత ఏ రూపాయని అడిగి మరీ ఇస్తుండె. రూపాయి మీదనే నమ్మకం లేని రోజులు, ఇగ మనిషి మీద యాడుంటది చెప్పు? గల్లీల కొత్త మొఖం కనవడితె చాలు, ఎవరి మనిషో, ఎవరికి ఏం చెప్తడో అని తలుపు సందుల కెల్లి చూసుడే.

ఆ తోటల పన్నెండు మల్లె పొదలుండె. మా అమ్మకేమొ తోటపని తెల్వదు. హాస్టల్ల చదివింది, బడి క్వార్టర్ల కాపురం చేసింది, ఆమె ఎన్నడన్న పెంచిందంటె ఒక డబ్బాల కొత్తిమీర. ఆ పొదలు చూసి మురిసిపోయి, ఈస్టరుకు చర్చిల బల్ల మీదికి పూలన్నీ మా తోటయే అని పాస్టరమ్మకు మాటిచ్చింది. అందరి ముందట ఇచ్చింది, అదీ తక్లీఫ్.

చలి షురూ కాంగనె కరీం తాత మల్లెకు నీళ్లు బంద్ చేసిండు. గులాబీలకు పోస్తుండు, జామచెట్టుకు పోస్తుండు, మల్లె కాడికి రాంగనె ముందట్కి పోతుండు. క్రిస్మస్ నాటికి ఆకులు వాడినయి. పండుగైనంక ఒకనాడు చూస్తె ఒక్కో కొమ్మ వట్టుకొని ఆకులు దూస్తుండు, సంచిల నింపుకొని పోతుండు. మేకకంట. మా అమ్మ నాయనతోని అంటది, "వాళ్ల దొరలు వెళ్లిపోయారని మన మీద కక్షండీ. ఈ తోట మనకి దక్కకూడదని చంపేస్తున్నాడు." నాయన "ముసలాయన, పోనీలే" అన్నడు గని, ఆయన గొంతుల సుత అనుమానం ఉండె. ఇగ అమ్మ నన్ను పిలిచి, "ఏమే రూతూ, బడికి సెలవులే కదా, వాడి చేతుల మీద ఓ కన్నేసి ఉంచు" అన్నది.

నాకు కావల్సింది గదే. కిటికీ కాడ కూసొని పహారా. ఆయన దగ్గితె సుత పోయి చెప్తుంటి. నాలుగు రోజులు చూస్తె ఏం దొరకలె. అమ్మ అడుగుడు, నేను ఏం లేదనుడు, అమ్మ మొఖం చిన్నగ చేసుకునుడు. ఐదో నాడు హమాం, గదే తానాల గది, వెనకాల గోడ మూలకున్న పొద కాడ కూసున్నడు. మట్టి తవ్వి, వేర్లు బయటికి తీసి, పొట్లం విప్పి ఏదో తెల్లపొడి చల్లిండు. నేను లోపలికి ఉర్కిన. "అమ్మా, వేర్లల్ల ఉప్పు పోస్తుండు!" అన్న.

ఉప్పని నాకెట్ల తెల్సు? తెల్వదు బిడ్డా. తెల్లగుండె, గంతె. ఏదో పొడి అంటె అమ్మ కూసున్న కాడికెల్లి లేవకపోతుండె. ఉప్పంటె లేస్తదని నాకెర్కే.

లేసింది. గేటు కాడ ఆయన్ని నిలబెట్టి, వేర్లల్ల ఉప్పు పోస్తున్నవని మా రూతు చెప్పింది, రేపట్నించి రావద్దని చెప్పేసింది. ఆయన కొట్లాడలె, ఒట్టు పెట్టలె. తువ్వాల భుజం మీదేసుకొని, "పోత అమ్మా. గని శివరాత్రి దాక వీటికి నీళ్లు పోయకుండ్రి. దాహం కానియ్యుండ్రి" అన్నడు. అమ్మకు ఇగ వేరే సాక్ష్యం కావాల్నా? "చూశారా, పోతూ పోతూ కూడా చంపమనే చెబుతున్నాడు!" అన్నది. ఆ సాయంత్రం సంది పొదకు రెండు బిందెలు. నాయన బావిల చేదుడు, అమ్మ పోసుడు. పదకొండు పొదలకే. గోడ మూలదేమొ పుల్లలైపోయింది, ఉప్పు తిన్నది ఇంకేం బతుకుతదని దాన్ని వదిలేసినం.

ఏం చిగుర్లేసినయే ఆ పదకొండు! వచ్చినోళ్లందర్ని తోలుకపోయి చూపెట్టుడే అమ్మకు పని. ఎండలు ముదిరినయి, పచ్చగనే ఉన్నయి, మొగ్గ లేదు. నడుమెత్తు పెరిగినయి, మొగ్గ లేదు. పాస్టరమ్మ చర్చిల నవ్వుకుంట "పూలు ఎన్ని గంపలమ్మా?" అని అడిగితె, అమ్మ ఇంటికొచ్చి అన్నం తినలె. ఈస్టరు ముందటి శనివారం నేను హమాం దిక్కు పోయిన. వాసన! గోడ మూల చూస్తె ఆ సచ్చిన చెట్టు తెల్లగుంది. శివరాత్రి దాటినంక రెండు వానలు పడ్డయి, దానికి అవే నీళ్లు. ఆకు కనవడలె, అన్ని పూలు.

అమ్మను పిలిచిన. చూసి అట్లనే మట్టిల కూలవడ్డది. అట్లనే కూసొని పూలు తెంపుడు షురూ చేసింది.

సగం పూలు చర్చికిచ్చింది. సగం కొంగుల కట్టుకొని, ఆరాధన అయినంక నన్ను వెంబడేసుకొని తాత యాడ పని చేస్తుండో వాళ్లనీ వీళ్లనీ అడుగుకుంట బోయిన్‌పల్లి దిక్కు పోయింది. ఒక బంగ్లాల పాదులు చేసుకుంట దొరికిండు. మా అమ్మ ఆయన్ని ఎన్నడు నువ్వనే పిలిచింది, ఆనాడు "పొరపాటైపోయింది, మళ్లీ మా ఇంటికి రండి" అన్నది. రండి అన్నది బిడ్డా. తాత పూలు చేతిలకు తీసుకొని, "అది ఎముకల పొడి అమ్మా, బలానికి. మల్లెను చలిల ఎండబెట్టాలె, అప్పుడే ఎండకు పూతకొస్తది. మీరు అడగలె, నేను చెప్పలె" అన్నడు. గంతల నన్ను చూసిండు. కోపం లేదు. తిట్టినా బాగుండు.

"బేటీ, ఉప్పని నువ్వే చెప్పినవంట. చేతిల పట్టి చూసినవా?"

లేదని తల ఊపిన. గంతె. అమ్మతోనేమొ తాత, ఈడ పని షురూ చేసిన, నడుమ వదిలిపెట్టి రానన్నడు. మల్ల మా గేటు తొక్కలె. సిగ్గయింది బిడ్డా. డెబ్బై ఏండ్లు దాటినయి, ఆ సిగ్గు ఇంక పోలె. అందుకే పాల మీద అనుమానమొస్తె సుత, ముందుగాల నాలుక మీద ఏసుకొని చూసినంకనే అంట.

మరి నువ్వు? మాలి నవ్విండన్నవు, ఎందుకు నవ్వుతున్నవని అడిగినవా? ఆ మల్లె కుండిల కొమ్మ ఒకటి గోరుతోని గీకి చూసినవా, లోపల పచ్చగుందో లేదో? చూడలె గదా. ఇగ ఫోన్ చెయ్. తర్వాత గాదు, నా ముందట చెయ్. రింగైతుందా? ఎత్తుతలేడా? కోపమొచ్చి ఉంటది, రాదా మరి. మల్ల చెయ్. ఎత్తితె నాకియ్యి, నేను మాట్లాడ్త. ఆనాడు పొరపాటైందని అమ్మనే అన్నది బిడ్డా, నేను అనలె, నేను తల ఊపి ఊకున్న... ప్రభువు నిన్ను సల్లగ సూడాలె, ఈ ఎండకాలం నీ జడ నిండ మల్లెలే... ఆ, ఎత్తిండా? ఇటియ్యి, ఇటియ్యి.