ఏ థియేటరని అడిగాడు

రెండు వేల పద్నాలుగు ఎండాకాలం గురించేగా నీ కోపం? అనేదేదో ఇప్పుడే అనెయ్యి తల్లీ. మత్తిచ్చాక నాకు వినపడదు.

ఇంత చలిలో ఎలా పనిచేస్తారే ఈ గదిలో? ఆ పట్టీ కొంచెం వదులు చెయ్యి. చెయ్యవా? సరే, బిగించు.

మాస్కు కట్టుకుంటే సొంత మనవరాల్ని గుర్తుపట్టననుకున్నావా? ఆ నడక అచ్చం మీ నానమ్మదే.

ఇంతకీ నేనేం చేశాను? నాటకాల పోటీలకి పోతూ, "తాతయ్యా, థియేటర్ డిగ్రీకి ఈ మూడు కాలేజీల్లో దరఖాస్తు పెట్టించు, రేపే ఆఖరు" అన్నావు. ఒకటేమో రైల్లో రెండు రాత్రుల దూరం. ఇంకోదానికి హాస్టలు లేదు. మూడోదాని పేరు నాకు నోరే తిరగలేదు. దగ్గర్లో ఉన్నవి పెట్టిద్దామనుకున్నాను. తప్పా?

నెట్ సెంటరువాడు, "ఏ థియేటర్ పెద్దాయనా? ఆపరేషన్ థియేటరేనా?" అని అడిగాడు. వెనకాల జనం. కూలిపని చేసొచ్చి రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి, నలుగురిలో నాకు తెలీదని చెప్పమంటావా? సినిమా హాల్లో బొమ్మ వేసేవాణ్ణి ఆపరేటరంటారు కదా, ఇదీ ఆ బాపతే అనుకున్నాను. "ఆ, అదే. చుట్టుపక్కలవన్నీ కొట్టు" అన్నాను.

సీటొచ్చింది. రక్తపరీక్ష చేయించుకు రమ్మన్నారు. "కత్తియుద్ధాలు నేర్పుతారు కాబోలు" అన్నాను. మీ నాన్న నవ్వాడు. నువ్వు ఆ కాగితంలో "ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ కోర్సు" అని చదివి కిందే కూర్చుండిపోయావు. అప్పటికి నీ మూడు కాలేజీల గడువూ దాటిపోయింది.

వచ్చే ఏడు మళ్ళీ పెడతానన్నావు. వచ్చిన సీటు వదిలితే నా గడప తొక్కొద్దన్నాను. అన్నానులే. అయినా పనికొచ్చే చదువే కదా? ఇవాళ నా పొట్ట కోసేది ఈ గదిలోనే కదా?

ఆ ట్రేలో ఏంటవి? అన్నిసార్లు అటూ ఇటూ సర్దుతావేం? డాక్టరింకా రాడేం? మనిద్దరమే ఉన్నామేం?

పోనీ, తిట్టవే. మైకు లేకుండా చివరి బెంచీ దాకా వినిపించే గొంతు నీది.

తిట్టవూ? సరే. ఆ గొట్టం మొహానికి పెట్టు, ఇంకెందుకు ఆలస్యం.

ఆ ఎండాకాలం తర్వాత నువ్వు స్టేజీ ఎక్కలేదు. నాతో మాట్లాడనూ లేదు.