ఆరు తోలు కప్పులు

(హుజూరాబాద్‌లో తోలుపని చేసే ముత్యం ఇంటి ముందర. అంటరానితనం నేరమని కొత్త కానూన్ వచ్చిన ఏడాది. హోటల్ సావుకారి రామచంద్రం రొప్పుకుంటూ వచ్చాడు.)

“ముత్యం! ఓరి ముత్యం! నా కొంప ముంచినవు గదరా!”

“నేనేం జేసిన సావుకారి? కూసో, కూసో. జర దమ్ము తీసుకో.”

“కూసునుడేందిరా! గిది సూడు. గిది కప్పా, తడిసిన చెప్పా?”

“అయ్యో, నేను జేసిన కప్పే! గిట్ల మెత్తగైందేంది? ఎవలన్న పొయిల పెట్టిండ్రా?”

“పొయిల గాదు. తాసిల్దారు చేతుల పెట్టిన.”

“తాసిల్దారుకెందుకిచ్చినవు? మా వాడోళ్ల కోసమని గద చేయించుకున్నవు?”

“మెల్లగ! మెల్లగ మాట్లాడు. ఎవలన్న ఇంటరు.”

“నువ్వే అంటివి గద సావుకారి. ‘మీ కప్పులు ఏరుగ బయట చూర్ల పెట్టుడు ఇగ నడువది, కానూన్ వచ్చింది. మీ చేతుల చేసిన తోలు కప్పులైతె మీకు ఇజ్జత్’ అని. నిజమేననుకున్న. దిల్ పెట్టి చేసిన.”

“అన్న, అన్న. ఇజ్జత్ కోసమే అన్న. ఇయ్యాల తాసిల్దారు వచ్చి అల్మరల ఆరు కప్పులు సూసిండు. గివి ఎవలకు అనడిగిండు. ఏమనాలె? పెద్దోళ్లు వస్తె తీస్తం దొరా అన్న.”

“పెద్దోళ్లకా?”

“నోరు జారిందిరా! అయితె నాకు గూడ దాంట్లనే పొయ్యి అన్నడు. మసిలె మసిలె చాయ్ పోసిన, మలాయి ఏసి. ఒక్క గుక్క తాగిండో లేదో, మీసాలకు కప్పుకున్న మైనం! ఎన్కనే కప్పు వంగింది, చాయంత అంగి మీద.”

“అయ్యో. కాలిందా?”

“కాలదా మరి! తువాల కప్పుకొని హోటల్ల కూసున్నడు. కప్పులు చేసినోన్ని తోలుకరా, వాని నోట్నుంచే ఇంట, లేకుంటె తాళమేస్త అంటుండు. నువ్వొచ్చి తప్పు నాదే అని చెప్పాలె.”

“నా పనిల తప్పు లేదు సావుకారి. తంగేడు చెక్క నీళ్లల నానిన తోలు. తడి మీదనే కట్టె దిమ్మెకు తొడిగి ఆరబెట్టిన. మైనం జర ఎక్కువ కాగినా తోలు ముడుసుకుంటది, పొయ్యి కాడికెల్లి లేవనే లేవలే. మైనం పీల్చుకున్నంక గోరుతోని కొడితె టక్ మన్నది.”

“టక్ మన్నది మరి పిండి ముద్ద ఎందుకైంది? పరీక్ష చెయ్యవా?”

“ఎందుకు చెయ్య? రెండొద్దులు నీళ్లు పోసి పెట్టిన, బొట్టు కారలే. చాయ్ గూడ పోసి సూసిన.”

“చాయ్ పోసినవా? ఏ చాయ్?”

“నీ హోటల్ చాయే. కప్పు పట్టుకొని పొద్దుగాల వచ్చి బయట కూసున్న. అందరికి పోసినంక నాకు పోసిండ్రు. కప్పుకు ఏం గాలే.”

“అగో! గదే చెప్పు! నా చాయ్‌తోనే పరీక్ష చేసినవంటె నా మీద తప్పు రాదు.”

“ఉన్నదున్నట్టు చెప్పాలెనా?”

“ఉన్నదున్నట్టే చెప్పు. ఒక్క ముక్క దాయకు.”

“దొర ముందర నోరు పెగులుతదో లేదో సావుకారి. భయమైతుంది.”

“భయమెందుకురా, నేనుంట గద పక్కపొంటి! ఏం చెప్తవో నాకొక్కసారి చెప్పు, ఇంట.”

“‘తప్పు నాదే దొరా. వేడికి మైనం కరుగుతదని నాకెరుకే. కని ఇరవై ఏండ్ల సంది గీ హోటల్ల తాగుతున్న, చాయ్ వేడిగ ఉంటదని మాత్రం నాకెరుక లేకపాయె.’”