సీట్ల మీది ప్లాస్టిక్

అలెగ్జాండ్రియా, బాకోస్ పేట. ఇంటి ముందు తెల్ల కారు, నాలుగు తలుపులూ తెరిచి ఉన్నాయి. సీట్లు కాలిబాట మీద ఉన్నాయి. మేడ మీద ఇంటాయన ఫిక్రీ పడుకుని ఉన్నాడు. కింద ఆయన భార్య ఇన్షిరాహ్, తమ్ముడు వగ్దీ.

“కోసేశావా? మొత్తం కోసేశావా వదినా?”

“మొత్తం ఎక్కడ? వెనక తలుపులకి ఇంకా ఉంది. ఆ కత్తెర ఇలా ఇవ్వు.”

“ఇవ్వను. తొమ్మిదేళ్ళు! తొమ్మిదేళ్ళు అన్నయ్య ఆ ప్లాస్టిక్‌ని కంటికి రెప్పలా కాచుకున్నాడు. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే...”

“అలాగే నా వీపు కాల్చింది. ఆగస్టులో ఒకసారి కూర్చుని లే, తెలుస్తుంది. సగం చర్మం దానికే అంటుకుని ఉంటుంది.”

“తువ్వాలు పరుచుకుంటే సరిపోయేది కదా.”

“సొంత కారులో తువ్వాలు పరుచుకుని కూర్చునేది మనమొక్కళ్ళమే వగ్దీ. కత్తెర.”

“హాజీ దమన్‌హూర్ నుంచి బయల్దేరాడు వదినా, కారు కొనడానికి. పొద్దున ఫోన్లో ఏం చెప్పానో తెలుసా? సీట్ల మీద ప్లాస్టిక్ కూడా తియ్యలేదు హాజీ, ఇది అబద్ధమైతే నా పెళ్ళానికి తలాక్ అని ఒట్టేశాను!”

“పోనీలే, దాని అదృష్టం పండింది.”

“నవ్వులాటగా ఉందా నీకు?”

“నవ్వుతున్నానా? నోట్లో గుండుసూదులున్నాయి. ఆ అంచు పట్టుకో. లాగకు, పట్టుకో చాలు.”

“ఇదేం గుడ్డ? ఎర్రా నీలం... ఆగాగు. షామియానా గుడ్డా ఇది?”

“అవును.”

“చావులకి వీధిలో కట్టే గుడ్డ తెచ్చి కారు సీట్లకి కుడతావా?”

“పెళ్ళిళ్ళకీ అదే కడతారు. రంజానుకీ అదే. గట్టి నూలు, ఒంటికి అంటుకోదు, ఎన్నిసార్లు ఉతికినా ఏమీ కాదు. మా మామ దుకాణంలో ముక్కలు మిగిలితే తెచ్చాను.”

“వీధిలో వాళ్ళు చూస్తే ఎవరు పోయారని అడుగుతారు.”

“ఎవరూ పోలేదని చెప్తాను. అడగనీ.”

“అదిగో, ఎదురింటి ఉమ్మ్ సబ్రీ అప్పుడే బాల్కనీలోకి వచ్చేసింది.”

“రానీ. డ్రిల్లు వాళ్ళదే.”

“డ్రిల్లా? డ్రిల్లెందుకు?... ఈ ముందు సీటు మనది కాదే!”

“కాదు. పాత సామాన్ల బజార్లో దొరికింది. ఏ పెద్ద కారుదో. మంచంలాగ పూర్తిగా వెనక్కి వాలుతుంది. దాని పట్టాలు మన బెజ్జాలకి కుదరలేదు. వేరే వేశాను.”

“కారు నేలకి బెజ్జాలు వేశావా? నువ్వా?”

“నాలుగు. ఒకటి వంకర పోయింది. చుట్టూ తారు పూశాను, నీళ్ళు రావు.”

“అయిపోయింది. ఇంక అది కారు కాదు, గాడిద బండి. ఎవడు కొంటాడు దీన్ని?”

“ఎవడూ కొనడు.”

“అంటే... కావాలనే చేశావా?”

“ఆ స్పానరు ఇలా తే. అది కాదు, పెద్దది.”

“వదినా, నా మొహం చూసి చెప్పు. కావాలనే చేశావా?”

“నువ్వు నా మొహం చూసి చెప్పు. కారు ఎవరమ్మమన్నారు?”

“ఎవరేంటి? ఊరికే పడుంది కదా అని... అన్నయ్య నడపలేడు, నేనా పోర్టులో డ్యూటీలు...”

“నేను నడుపుతాను. మేలో లైసెన్సు వచ్చింది.”

“ట్రామ్ పట్టాల మీద ఇంజను ఆగిపోయి, వెనక ట్రామ్ గంట కొడుతుంటే ఏడ్చావట!”

“ఏడ్చాను. ఏడుస్తూనే స్టార్ట్ చేశాను. మాట మార్చకు. ఎవరమ్మమన్నారు?”

“ఇదేనా పెద్ద స్పానరు?”

“వగ్దీ.”

“వదిలెయ్ వదినా.”

“మీ అన్న గుసగుసలాడినా ట్రామ్ స్టేషన్ దాకా వినిపిస్తుంది. నిన్న శుక్రవారం నమాజుకి ముందు మీరిద్దరూ గదిలో మాట్లాడుకున్నారు. నేను వంటింట్లో బీన్స్ ఏరుతున్నాను. ఆయనేమన్నాడో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

“విన్నావా?”

“చెప్పు. నీ నోటితో చెప్పు.”

“ప్లాస్టిక్ ఉండగానే అమ్మెయ్యమన్నాడు. వచ్చింది ఇన్షిరాహ్ చేతిలో పెట్టు, నా తరవాత ఎవరి గుమ్మంలోనూ నిలబడకూడదు అన్నాడు. డయాలసిస్‌కి ఇంక వెళ్ళను, ఈ మాట దానికి చెప్పకు అన్నాడు. నేనేం చెయ్యను? ఆయన నాకు అన్న. నువ్వు తమ్ముడివై ఉంటే కాదనగలవా?”

“కాదన్నాను కదా, కత్తెరతో.”

“వదినా...”

“మంగళవారం ఏం జరిగిందో తెలుసా నీకు? అది కూడా చెప్పాడా?”

“టాక్సీ దొరకలేదన్నాడు.”

“దొరికింది. ఆ యంత్రం మీంచి లేచాక ఆయనకి రక్తపోటు పడిపోతుంది. కూర్చోలేడు, తల నిలవదు. టాక్సీలో వాంతి చేసుకున్నాడు. టాక్సీవాడు సముద్రం పక్కన కోర్నిష్ రోడ్డు మీద బండి ఆపి, దిగండి అన్నాడు. నేను ముసుగు చెంగుతో సీటు తుడుస్తున్నాను. ఆయన సముద్రం గోడ మీద తల ఆనించి నిలబడ్డాడు. అటు పోయే బస్సుల్లోంచి జనం చూస్తున్నారు. ఒకప్పుడు డిపోలో అరవై మంది డ్రైవర్లకి మేస్త్రీ ఆయన.”

“నాకు చెప్పలేదు.”

“ఎవరికీ చెప్పలేదు. గురువారం వెళ్ళలేదు. రెండ్రోజులుగా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కాళ్ళు చూశావా? వేలితో నొక్కితే గుంట పడుతోంది.”

“మరి ఇన్నాళ్ళూ మన కారులో ఎందుకు వెళ్ళలేదు? నేను సెలవు పెట్టి తీసుకెళ్ళేవాణ్ణి కదా.”

“కారు పాడైపోతుందిట.”

“ఏంటీ?”

“వాంతి పడితే వాసన పోదుట. ధర పడిపోతుందిట. బయటివాళ్ళ టాక్సీలో కక్కుకోవచ్చు గానీ, సొంత కారులో కక్కకూడదు. అందుకే చెప్తున్నా వగ్దీ, ఈ కారు మచ్చ లేకుండా ఉన్నన్నాళ్ళూ ఆయన అమ్మకమే ఆలోచిస్తాడు. అమ్మేశామంటే నా పనైపోయిందనుకుంటాడు. పనైపోయిందనుకున్నవాడు మంచం దిగడు.”

“అది నాకు తట్టలేదు వదినా.”

“ఫోన్ మోగుతోంది. ఎత్తవేం?”

“హాజీయే. ఏం చెప్పను వదినా?”

“ఇటివ్వు. అలో? హాజీ, అస్సలాము అలైకుం. వగ్దీ వదినని. కారు అమ్మటం లేదు... అవును, అమ్మటం లేదు. ప్లాస్టిక్ లేదు, కోసేశాను. నేలకి బెజ్జాలు కూడా ఉన్నాయి... వాడి మాట వాడిది హాజీ, కారు నాది. తలాక్ సంగతి వాడూ వాడి పెళ్ళాం చూసుకుంటారు. సగం దారి వచ్చారా? అయితే ఆ పక్కన ఎక్కడైనా టీ తాగి వెనక్కి తిరగండి. ఉంటాను, మఅస్సలామా.”

“నా పరువు మట్టిలో కలిపావు.”

“నీ పరువు తరవాత చూద్దాం. ఇవాళ శనివారం. మధ్యాహ్నం మూడింటికి ఆసుపత్రిలో ఆయన మంచం ఆయన కోసం ఖాళీగా ఉంటుంది. సీటు ఎత్తు. నువ్వటు, నేనిటు.”

“అన్నయ్య రాకపోతే?”

“ఎత్తు.”

“వదినా, అన్నయ్య దిగి రాకపోతే ఏం చేస్తావు? మోసుకొస్తావా?”

“మోసుకొస్తాను. నడుం వంచు, నీ వైపు వాలిపోతోంది. ఆఁ, కూర్చుంది. బోల్టు.”

“ఈ కొక్కెం ఏంటి తలుపుకి?”

“చిన్న బకెట్ తగిలించడానికి.”

“అన్నీ ఆలోచించావు.”

“అన్నీ కాదు. మొండివాణ్ణి మంచం మీంచి ఎలా లేపాలో ఇంకా...”

“ఇన్షిరాహ్!”

“అన్నయ్య! వదినా, అన్నయ్య లేచాడు. బాల్కనీలో ఉన్నాడు.”

“కనిపిస్తున్నాడు. నువ్వు బోల్టు బిగించు.”

“ఎవరు కోశారు దాన్ని?”

“అన్నయ్యా, నేను చెప్తూనే ఉన్నాను, వింటేగా...”

“నిన్నడగలేదురా. ఇన్షిరాహ్, ఎవరు కోశారు?”

“నేనే కోశాను. పారేశాను కూడా. చెత్తబండి వెళ్ళిపోయింది.”

“హాజీ వస్తున్నాడు.”

“రావట్లేదు. వెనక్కి పంపేశాను.”

“నాకు చెప్పకుండానా?”

“నువ్వు నాకు చెప్పావా?”

“వీధిలో అరవకు.”

“జవాబు చెప్పు ఫిక్రీ. వీధంతా వింటోంది, ఉమ్మ్ సబ్రీ కూడా చెవి ఇటే పెట్టింది. నువ్వు నాకు చెప్పావా?”

“అందులో నాకు వాంతి అయితే?”

“అవనీ. గుడ్డేగా, ఉతుకుతాను. మళ్ళీ చేసుకో, మళ్ళీ ఉతుకుతాను.”

“కారు పనికిరాకుండా పోతుంది.”

“పోనీ!”

“అన్నయ్యా? నిలబడలేకపోతే లోపలికి వెళ్ళు, నేను పైకొస్తా...”

“వగ్దీ.”

“చెప్పన్నయ్యా.”

“ఆ బోల్టు అప్పుడే బిగించకు. సీటు ఇంకో నాలుగు వేళ్ళు వెనక్కి జరుపు. నా మోకాళ్ళు ముందు తగులుతాయి.”