చర్చల బల్లకు ఇవతల ముప్పయి మూడేళ్ళు

1991వ సంవత్సరం ఆగస్టు అయిదవ తేదీ సోమవారం నాడు విదేశీ వాణిజ్య శాఖలో భాషా సహాయకురాలిగా చేరి, నేడు ఉపసంచాలకుల హోదాలో పదవీ విరమణ చేస్తున్న మా మేడమ్ గురించి నాలుగు మాటలు రాసే భాగ్యం, వారి విభాగంలో చాలాకాలంగా చర్చల నివేదికలు రాస్తున్న నాకు దక్కింది. ఈ వీడ్కోలు సంచికలో ప్రశంసలకు కొదవ ఉండదు. ఒక్క సంగతిని మాత్రం అందరూ మర్యాదగా దాటవేస్తారన్న అనుమానంతో ఆ సంగతినే రాయబూనుకున్నాను.

మిత్రదేశపు భాషను అక్కడి విశ్వవిద్యాలయంలోనే అభ్యసించి వచ్చిన మేడమ్, తొలి పదేళ్ళూ ఆ దేశంతో సాగిన ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ తామే చూశారు. ఉభయ దేశాల మధ్య తరతరాల సౌహార్దం వెల్లివిరుస్తున్నదని వేదికల మీద వినబడుతూనే ఉండేది. మన మందులు మాత్రం పరీక్షల పేరిట వాళ్ళ రేవులో నెలల తరబడి నిలిచిపోయేవి, వాళ్ళ ఎరువులు మన గిడ్డంగుల బయట వానకు తడిసేవి. అవతలివారు ఎంత తియ్యగా మాట్లాడినా మేడమ్ ఓపికగా విని, "అయితే?" అనేవారు. ఆ ఒక్క మాటతోనే శాఖలో వారికి 'అయితే మేడమ్' అన్న పేరు స్థిరపడింది.

సమగ్ర వాణిజ్య ఒప్పందం కోసం చర్చలు మొదలయ్యేనాటికి వారు విభాగాధికారిణి. మన బృందానికి నాయకులు అప్పటి సంచాలకులు. మేమందరం పెద్దసారు అనేవాళ్ళం. ఏ సరుకు మీద సుంకం ఎంతవరకు తగ్గించవచ్చో ముందే నిర్ణయించుకుని, ఆ హద్దును గుట్టుగా ఉంచుకుని బల్ల ముందు కూర్చునేవారం. అవతలి నాయకుడు నవ్వుతూ బేరమాడుతూ సరిగ్గా మన హద్దు దగ్గరికి వచ్చి, అక్కడ మేకు దిగగొట్టినట్టు ఆగిపోయేవాడు. ఒకసారైతే కాకతాళీయమనుకుంటాం. రెండు విడతల చర్చల్లోనూ అదే జరిగింది.

మనలోనే ఎవరో చెబుతున్నారన్న మాట మొదట గుసగుసగా పుట్టి, వారం తిరిగేసరికి విచారణగా మారింది. వాళ్ళ భాష వచ్చిన మనిషి, వాళ్ళ దేశంలో చదివిన మనిషి, సహాధ్యాయిని నుంచి ఇప్పటికీ ఉత్తరాలు అందుకునే మనిషి. ఇంకేం కావాలి? మేడమ్‌ను చర్చల నుంచి తప్పించి, పాత ఫైళ్ళ గదిలో బల్ల వేశారు. నడవాలో వారు ఎదురైతే మాటలు ఆగిపోయేవి. మధ్యాహ్నం భోజనాల దగ్గర వారి పక్క కుర్చీ ఖాళీగా ఉండేది.

విచారణాధికారులు ఇంటికి కూడా వెళ్ళారు. తలుపు తీసిన వారి అత్తగారిని, "మీ కోడలు ఆఫీసు విషయాలు బయటివాళ్ళతో మాట్లాడుతుందా అండీ?" అని అడిగారట.

"మా కోడలా? రాత్రికి ఏం కూర వండుతుందో పొద్దున నాకే చెప్పదు నాయనా. మీ లెక్కలు పరాయి దేశం వాళ్ళకు చెబుతుందా? కూర్చోండి, మంచినీళ్ళు తాగి వెళ్ళండి," అన్నారట ఆవిడ.

మూడవ విడతకు ముందు మేడమ్ స్వయంగా పెద్దసారు గదికి వెళ్ళారు. నేను అక్కడే ఉన్నాను. "నన్ను గోడ పక్కన కూర్చోనివ్వండి సార్. మన హద్దులు నాకు చెప్పకండి. నోరు విప్పను," అన్నారు. పెద్దసారు సరేనన్నారు. కనిపెట్టి చూడమని మరొకరికి పురమాయించే ఉంటారని నా అనుమానం.

మొదటిరోజు ఎరువుల వంతు. అవతలి నాయకుడు మళ్ళీ మన హద్దు దగ్గరే ఆగాడు. టీ విరామంలో మేడమ్ పెద్దసారు దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు.

"మన హద్దు పన్నెండు శాతం కదా సార్?"

పెద్దసారు ముఖం నల్లబడింది. "మీకెవరు చెప్పారు?"

"మీరే సార్. అతను పదిహేను అన్నప్పుడు మీరు కదల్లేదు. పదమూడన్నా కదల్లేదు. పన్నెండు అనగానే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అతను కాగితాల వంక చూడట్లేదు, మీ చేతుల వంకే చూస్తున్నాడు."

పెద్దసారు ఆ మాటనూ నమ్మలేదు. "ఇది కూడా వాళ్ళు నేర్పిన మాటేమో," అన్నారు.

"అయితే రేపు కలప గురించి మాట్లాడేటప్పుడు, హద్దుకు బాగా ముందే ఒకసారి తుడుచుకుని చూడండి."

మర్నాడు కలపకు మన హద్దు పది. పద్నాలుగు అన్న మాట వినగానే పెద్దసారు కళ్ళద్దాలు తీశారు. అవతలి నాయకుడు పద్నాలుగు దగ్గరే ఆగిపోయాడు. మన హద్దు పది అని తెలిసినవాడెవడూ అక్కడ ఆగడు. భోజన విరామం తర్వాత మేడమ్ కుర్చీ పెద్దసారు పక్కకు మారింది. క్షమాపణ అన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

సంతకాల సభలో అవతలి నాయకుడు మేడమ్‌తో, "మిమ్మల్ని గోడ దగ్గర చూసి మేం సంతోషించాం. ఆ సంతోషంలో తొందరపడ్డాం," అన్నాడు. తదుపరి సంవత్సరాలలో వారిద్దరి సారథ్యంలోనే సంయుక్త వాణిజ్య సంఘం ఏర్పడింది. ఒకరినొకరు ఏనాడూ గుడ్డిగా నమ్మని ఆ ఇద్దరూ ప్రతి వాక్యాన్నీ రెండు భాషల్లో సరిచూసుకున్నందువల్లనే, నేడు మన మందులు వాళ్ళ రేవులో ఆగడం లేదు, వాళ్ళ ఎరువులు మన దగ్గర తడవడం లేదు.

అయినా ఆ విచారణ ఏమని ముగిసిందో ఏ ఉత్తర్వూ చెప్పదు. మేడమ్‌కు పదోన్నతులు వచ్చాయి గాని, నిర్దోషి అన్న ఒక్క వాక్యం రాలేదు. అప్పట్లో ఏడవ తరగతి చదువుతున్న వారి కూతురు బడిలో ఏదో విని వచ్చి, "అమ్మా, నువ్వు వాళ్ళ మనిషివా?" అని అడిగిందని మేడమ్ ఒకే ఒక్కసారి నాతో అన్నారు. వెంటనే మాట మార్చేశారు.

నేడు ఆ అమ్మాయి తండ్రిగారితో, నాయనమ్మగారితో ఈ వీడ్కోలు సభకు వస్తున్నది. చర్చలన్నిటినీ కళ్ళారా చూసి రాసినవాడిగా, శాఖ రాయని ఆ వాక్యాన్ని ఈ సంచికలో నేను రాస్తున్నాను: అమ్మాయీ, మీ అమ్మగారి నుంచి ఒక్క మాట కూడా బయటికి పొక్కలేదు. ఆవిడ మన మనిషి.

మేడమ్ ఇకనైనా ఎవరి మాటనూ తూచవలసిన పని లేని ఉదయాలను, తరగని ఆరోగ్యాన్ని, అయినవాళ్ళ మధ్య నిండు నూరేళ్ళ జీవితాన్ని అనుభవించాలని మనసారా కోరుకుంటున్నాను.