అరవని బాతు

అరవవేంరా? ఇన్ని నూకలు మింగావు, టబ్బులో నీళ్ళన్నీ బురద చేశావు, బాల్కనీ అంతా కంపు కొట్టించావు. ఒక్కసారి గట్టిగా అరిస్తే నీ సొమ్మేం పోయింది? ఆడబాతువైతే ఈపాటికి బెంజ్ సర్కిల్ దాకా వినపడేదట. మరి ఆ ముక్క కొనేటప్పుడు నాకెవరు చెప్పారు?

నీకేం, హాయిగా ఉన్నావు. కడుపు మండేది నాకు.

అసలు మా ఇంట బాతు గుడ్డు ఎప్పుడైనా గడప తొక్కిందా? నీచు వాసన అనేది మా అమ్మ. నేనూ అదే అన్నా. మా డయానా చిన్నప్పుడు కోడిగుడ్డులో పచ్చసొన కూడా పక్కన పెట్టేసేది, బతిమాలి బతిమాలి తినిపించేదాన్ని. అలాంటి పిల్ల కైకలూరు కోడలై వెళ్ళిందో లేదో, ఏది చూసినా లొట్టలే. వాళ్ళత్త ఆ మాణిక్యమ్మ ఏం మందు పెట్టిందో మరి. గేదె ఈనితే జున్ను. చలికాలం వస్తే కుండలో తంపటి వేసి కాల్చిన తేగలు. ఎండాకాలం చింతచిగురు, పచ్చిరొయ్యలు. ఇక ఏడాది పొడుగునా బాతు గుడ్ల పులుసు. ఫోన్ చేస్తే చాలు, ఇవాళ అత్తయ్య ఏం చేసిందో తెలుసా అంటుంది. తెలుసు తల్లీ, తెలుసు. నేనేం వండానో అడిగిన పాపాన పోయిందా ఎప్పుడైనా?

అలా మెడ వంచి చూడకు. నా చోట నువ్వున్నా ఉడుక్కుంటావు.

ఏడో నెలలో ప్రార్థన పెట్టించి, పాస్టరుగారికి భోజనం పెట్టి, పిల్లని ఇంటికి తెచ్చుకున్నా. మొదటి కాన్పు మరి, పుట్టింట్లోనే కదా జరగాలి. వారం తిరిగిందో లేదో ముద్ద పక్కకి నెట్టడం మొదలుపెట్టింది. నేను చేసిన కోడికూర కెలికి చూసి, బాతు గుడ్ల పులుసు తినాలనుందమ్మా అంది. కడుపుతో ఉన్న పిల్ల అడిగితే కాదంటామా? బజారంతా తిరిగి తెచ్చి చేశా. ముక్కు మూసుకునే చేశాననుకో. సగం గుడ్డు తిని చెయ్యి కడిగేసుకుంది.

"అత్తయ్య చేసినట్టు లేదమ్మా. పోనీ, డెలివరీకి అక్కడికే వెళ్ళిపోనా? ఏలూరులో ఆస్పత్రులున్నాయిగా" అంది.

విన్నావా? ఎంత తేలిగ్గా అందో. రేపు దానికి నొప్పులొస్తే చెయ్యి పట్టుకునేది ఆవిడ. బిడ్డని ముందుగా ఎత్తుకునేదీ ఆవిడే. నేను ఇక్కడ కూర్చుని ఫోనులో చూసి మురిసిపోవాలి కాబోలు.

ఆ రాత్రి బాగా ఆలోచించా. తప్పు నా చేతిది కాదు, గుడ్డుది. బజారు గుడ్డు ఎన్నాళ్ళదో ఏమో. ఆవిడ పెరట్లో పెట్టింది పెట్టినట్టు తీసి వండుతుంది, రుచి రాక ఏం చేస్తుంది? మన పెరట్లోనూ పెడితే సరి అనుకున్నా. పెరడంటే ఏముంది, మూడో అంతస్తులో ఈ బాల్కనీ. అయినా సరే, ఉయ్యూరు అవతల కోసిన చేలల్లో బాతుల మంద దిగిందని తెలిసి, మా ఆయన స్కూటరెక్కి పోయా. ఆ బాతులతనికి ఒక్కటే చెప్పా, మాది అపార్ట్‌మెంటు బాబూ, అరవని బాతు ఇయ్యి అని. అతను నన్నోసారి, మా ఆయన్నోసారి చూసి, మందలో చెయ్యి పెట్టి నిన్ను లాగాడు. నేను అడిగిందే ఇచ్చాడుగా, అతన్ని అనడానికేముంది.

దారంతా కుక్కిన పేనులా నా ఒళ్ళో కూర్చున్నావు. ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయా. అప్పుడు ఏమే బంగారం అని పిలిచేదాన్ని, గుర్తుందా?

రోజూ పొద్దున్నే నీ కింద గడ్డి తడమడం, ఉత్త చేతులతో లోపలికి రావడం. చోటు కొత్త కదా, కుదురుకోనీ అంటాడు మా ఆయన. ఇంతలో మా పిల్ల ఊరుకుంటుందా? అత్తయ్యా, అమ్మ నాకోసం బాతుని తెచ్చిందంటూ వీడియో కాల్ చేసి నిన్ను చూపించింది. మాణిక్యమ్మ కాసేపు చూసింది. ఇది అరుస్తుందా వదినగారూ అని అడిగింది. నోరే విప్పదండీ అన్నా, ఎంత గొప్పగా అన్నాననుకున్నావు! మంచిదండీ అని ఊరుకుంది.

డయానా స్నానానికెళ్ళిన టైములో మళ్ళీ ఫోన్ చేసింది. గొంతు తగ్గించి చెప్పింది.

"ఏమీ అనుకోకండి వదినగారూ. గట్టిగా అరిచేది ఆడబాతండీ. మీ దానికి తోక మీద ఈక మెలి తిరిగుంది, అది మగది. అమ్మాయి దగ్గర నేను అనలేదు. రేపు పొద్దున బస్సులో గుడ్లు వేస్తాను, మీ బాతే పెట్టిందని చెప్పండి. ఈ టైములో పిల్ల మీ దగ్గరుంటేనే ధైర్యం."

పులుసు బాగా మరిగి చిక్కబడ్డాకే గుడ్లు వెయ్యండి, చివర్లో కాస్త బెల్లం అని కూడా చెప్పింది. నేనేం అడగలేదు. విననట్టే విన్నా.

బస్టాండుకి నేనే వెళ్ళా. ఊకలో సర్ది, మీద పాత చీర ముక్క కుట్టి పంపింది, ఒక్క గుడ్డు చిట్లితే ఒట్టు. ఒకటి తెచ్చి నీ గడ్డిలో పెట్టి డయానాని కేకేశా. పొట్ట పట్టుకుని వచ్చి, దాన్ని తీసి బుగ్గకి ఆనించుకుంది. వెచ్చగా లేదేమ్మా అంది. తెల్లారుజామున పెట్టిందిలే అన్నా. బాతులున్న ఇంటి కోడలే, కానీ దానికి బాతంటే పళ్ళెంలో కనపడేదే.

మర్నాడు ఇంకోటి పెట్టి, రెండూ కలిపి పులుసు చేశా. ఆ మధ్యాహ్నం రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. వేళ్ళు నాకింది. "ఇక్కడే ఉంటాలే అమ్మా. అత్తయ్య గుడ్లకంటే మన బాతు గుడ్లే బాగున్నాయి" అంది.

గెలిచానురా. మరి ఎగిరి గంతెయ్యాలి కదా? గిన్నెలో మిగిలిన గుడ్డు నేనూ తిన్నా, నిలబడే తిన్నా. బాగుంది. అదే నా ఏడుపు.

ఆవిడ వంటకి కుళ్ళుకున్నానంటే అర్థముంది. ఇప్పుడు ఆవిడ మంచితనానికి కూడా కుళ్ళుకుంటున్నా. అదే నేనైతేనా, నీ తోక ఈక ఫోనులోనే అందరికీ చూపించి పగలబడి నవ్వేదాన్ని. ఈ మాట మా ఆయనకి కూడా చెప్పలేదు, నీకే చెబుతున్నా.

నిన్ను కోసి కూరొండుదామన్నా దారి లేదు. రోజూ గుడ్డు పెట్టే బాతుని ఎవరైనా కోసుకుంటారా?

సరేలే. నువ్వు అరవవు, నేను చెప్పను, ఆవిడ అసలే అనదు. తిను. రేపు కైకలూరు బస్సు రాగానే మళ్ళీ గుడ్డు పెట్టాలి నువ్వు.