సీసాలో వచ్చిన నల్లి

హలో… ఆ, నేనేనక్కా, నీ తమ్ముడు లయాషిని. మన ఊరు బాబ్ బెర్రెడ్ నుంచే… క్షేమమే, అందరూ క్షేమమే, అల్లా దయ. మర్యాదలు తర్వాత. మీ ఆయన ఇంట్లో ఉన్నాడా?…

లేడా? మరి వెనకాల ఆ దగ్గెవరిది?… పక్కింటి ముసలాయనా! ఊఁ. మీ పక్కింటాయనకి మీ ఆయన దగ్గే వచ్చిందన్నమాట.

నేనా? మన రైతు సంఘం షెడ్డులో, పూతగది తలుపు ముందు కూర్చున్నా… గంజాయి మొక్కలకేం అక్కా, పూత విరగబూసింది. దాంతోపాటు నల్లి కూడా.

నల్లి… మంచంలో నల్లి కాదు, రహీమో అక్కా! ఆకు నల్లి. ఆకు తిప్పి చూస్తే ఆవగింజలో పదో వంతు ఉంటుంది, ఒంటి మీద రెండు నల్లచుక్కలు. ఆకుల నిండా తెల్లచుక్కలు. నిన్నటి నుంచి పూగుత్తులకి బూజు కూడా అల్లుతోంది…

మందు కొట్టాలా? పూత మీదా? ఇది మందుల కంపెనీకి పోయే పువ్వు. పరీక్షలో పురుగుమందు వాసన తగిలినా సరుకంతా తగలబెట్టిస్తారు, సంఘం లైసెన్సు పోతుంది… వేపనూనె కూడా వద్దు, పువ్వుకి పట్టిందంటే వదలదు. గది చల్లబరిచాను. తడిగుడ్డతో ఒక్కో ఆకు అడుగున తుడుస్తున్నా. ఈ ఆకు తుడిచేలోపు పక్కాకు మీద కాపురం పెడుతున్నాయి…

ఆ, అసలు విషయానికే వస్తున్నా. ఇది తనంతట తాను రాలేదు. తెచ్చి వదిలారు.

ఎవరా? పండక్కి మా ఇంటికి ఎవరొచ్చారు? షెడ్డు చూస్తానని ఎవరు తొంగిచూశారు?… తొంగిచూడటమే అంటావు నువ్వు. లరాష్‌లో ఆ స్ట్రాబెర్రీ తోటల్లో పనిచేసే మనిషి. ఆ తోటల నిండా నల్లే…

ఎందుకు చేస్తాడా? సంఘంలో చేర్చుకోలేదని కడుపుమంట!… గంజాయి దొంగసాగు కేసులున్నవాణ్ణి ఎలా చేర్చుకుంటారక్కా? రాజుగారి క్షమాభిక్ష నిన్నగాక మొన్న వచ్చింది…

ఏడవకు. ఏడిస్తే నేను కరుగుతానని నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు… సరే, ఇంకోటి విను. పొద్దున టాక్సీ వాడొచ్చి ఒక సీసా ఇచ్చాడు. 'మఫద్దల్ పంపాడు' అన్నాడు. మూత తీద్దును కదా, తవుడు. తవుడులో ఎర్రెర్రగా, పరుగులు పెడుతూ నల్లి! ఉన్నవి చాలనట్టు సీసాకెత్తి మరీ పంపాడక్కా, నీ మొగుడు!

నువ్వే పంపించమన్నావా? నువ్వా?… నల్లిని తినే నల్లా. బావుంది. మేకల మందకి తోడేలుని కాపలా పెట్టమంటావు…

స్ట్రాబెర్రీ తోటల్లో ఇవే వదుల్తారా. అవును మరి, ఆయనే చెప్పుంటాడు నీకు. ఆయన చెప్పింది నీకు ఖురానే కదా.

సీసా ఎక్కడికీ పోలేదు. తాజిన్ వంటకుండ మూత కింద బోర్లించి, పైన రాయి పెట్టాను. కెటిల్ పొయ్యి మీదుంది. నీళ్ళు మరగ్గానే సీసాలో పోసి, సాయంత్రపు అస్ర్ నమాజు చేసుకుని, అట్నుంచటే ఠాణాకి పోతా… ఆ, ఫిర్యాదు ఇస్తా…

తెలుసు. కొత్త కేసు పడితే క్షమాభిక్ష మాట అటుంచి పోలీసులకి దొరక్కుండా మళ్ళీ కొండల్లో దాక్కోవాలి, తెలుసు. చేసేముందు ఆయనకి తెలియద్దూ!…

ఒట్టా? అమ్మ మీదా? అమ్మని ఎందుకు లాగుతావు మధ్యలో…

ఒక్కటి చూడమంటావా. ఒక్కటంటే ఒక్కటి. సరే, అమ్మ పేరెత్తావు కాబట్టి. ఉండు, భూతద్దం ఏదీ… ఆ. నల్లి పట్టిన ఆకు ఇక్కడే ఉంది, తెంపి పెట్టుకున్నా. దీని మీద నీ మొగుడు పంపిన పోకిరీ ఒకటి… వేశాను.

పరిగెడుతోంది… అటూ ఇటూ తిరుగుతోంది, అంతే. చెప్పలా నీకు…

ఆగు.

ఆగమంటున్నా… పట్టుకుంది. చుక్కలదాన్ని పట్టుకుంది. వదలట్లేదు… అక్కా, అది పీల్చేస్తోందే! చుక్కలది ఉత్త తోలయిపోయింది…

ఇంకోదాని మీదికి పోయింది.

…

వింటున్నా. ఉన్నాను లైన్లో… ఇంకో రెండు వేసి చూస్తున్నా.

సరే, ఇవి తినేవే. ఒప్పుకున్నా. మరి తినబడేవి ఎలా వచ్చాయి? వాటి సంగతేంటి? లోపలికి ఈగని పోనివ్వను. చెప్పులు బయటే. తెల్లకోటు, తలకి టోపీ. మన ఇమామ్ గారు చూస్తానంటేనే కాళ్ళు కడుక్కుని కూడా రావద్దన్నాను…

ఏమీ తీసుకెళ్ళను… ఏమీ అంటే ఏమీ. నా టీ గ్లాసు తప్ప…

ఆ, మన టీయే. గ్లాసు నిండా పుదీనా కుక్కి. ఎప్పటిలాగే… కెటిల్లోది కాదు, పైన వేసేది పచ్చిదే. చెవి మీద కూడా ఒక రెమ్మ, ఆ పూత వాసనకి తల తిరక్కుండా… ఎక్కడిదేంటి, నాన్న నాటిన మడిలోది, షెడ్డు పక్కన. ఊరంతా అడిగి పట్టుకెళ్ళే పుదీనా…

ఏంటి నీ ఉద్దేశం? నాన్న పుదీనాని అంటావా?

ఇక్కడే ఉంది కట్ట… ఎండలకి కాస్త పాలిపోయింది, అంతే… చుక్కలా? చుక్కలు ఏ ఆకుకైనా ఉంటాయి…

చూస్తున్నా. తిప్పి చూస్తున్నా, కాస్త ఆగు.

…

లా హౌల… యా అల్లా.

…

ఉందక్కా. బూజుతో సహా. రోజూ నేనే… నా చేత్తో నేనే మోసుకెళ్ళాను. కొంప ముంచింది నేనే, మీదపడి అరిచింది నేనే.

అది కెటిల్. మరిగింది… లేదు, సీసాలో పోయను. పుదీనా మడిలో పోస్తా. నాన్న తిట్టుకుంటే తిట్టుకోనీ.

ఠాణాకి పోను… పోనన్నాగా. ఒట్టు, అమ్మ మీద…

అక్కా. ఆ పక్కింటి ముసలాయన ఉన్నాడా ఇంకా, దగ్గే ఆయన?… మొదటి నుంచీ నీ పక్కనే ఉన్నాడా? అంతా విన్నాడా?… ఊఁ. తోడేలు మాట కూడానా.

ఇవ్వు ఫోను… ఇవ్వవే.

…

బావా.

…

దగ్గు తగ్గిందా?… ఆ, చూశాను. తింటున్నాయి. ఎలా చల్లాలో తెలీదు నాకు. గుత్తుల మీదా, ఆకుల మీదా? ఫ్యాన్లు ఆపాలా?… ఫోన్లో చెబితే బుర్రకెక్కదు బావా, నా బుర్ర ఎలాంటిదో ఇందాకంతా విన్నావుగా.

నువ్వే రా… కోటూ టోపీ నేనిస్తా. తలుపు నువ్వే తియ్యి, నేను నీ వెనకాల వస్తా…

టీ పెడతాను. పుదీనా ఉండదు మరి… ఉత్త టీ, చక్కెరా. తాగుతావా?…

సరే. బయల్దేరు.